బలానికేదైనా రాయండి

నాలుగేళ్ల పిల్లవాడు. ఆటిజం ఉంది. కొన్ని వారాలుగా వాంతులు, మలబద్ధకం, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం. బరువు తగ్గిపోతున్నాడు. లండన్‌లోని ఒక ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే కాల్షియం ప్రమాదకరమైన స్థాయిలో కనిపించింది. ఆ వయసులో కాల్షియం ఊరికే అంత పెరగదు. ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఒక ప్రకృతి వైద్యుడి సలహా మీద ఇంట్లో ఆ బాబుకి పన్నెండు రకాల పదార్థాలు వాడుతున్నారు. అందులో విటమిన్ డి ఉంది, కాల్షియం ఉంది, ఒంటె పాలున్నాయి, వెండి ఉంది, స్నానం నీళ్లలో కలిపే ఎప్సమ్ ఉప్పు ఉంది. వైద్యం చేసిన డాక్టర్లు ఈ ఉదంతాన్ని 2016లో ‘బీఎంజే కేస్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రచురించారు.

అసలు జరిగిందేమిటి? తిండిలోని కాల్షియాన్ని పేగుల్లోంచి రక్తంలోకి లాగడం విటమిన్ డి చేసే పనుల్లో ముఖ్యమైనది. డి మోతాదు మించితే ఆ లాగుడు ఆగదు. ఎముకల్లో దాచుకున్న కాల్షియం కూడా కరిగి రక్తంలోకి వస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగితే మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. ఒంట్లో నీరంతా మూత్రంగా పోతుంది. అందుకే ఆ దాహం. నీరు తగ్గేకొద్దీ రక్తంలో కాల్షియం ఇంకా చిక్కబడుతుంది. వాంతులు మొదలైతే తాగిన నీళ్లు కూడా నిలవవు. పైగా డి కొవ్వులో కరిగే విటమిన్. ఆపేసిన మర్నాడే ఒంట్లోంచి పోదు, వారాలు, నెలలు నిల్వ ఉంటుంది. సెలైన్ ఎక్కించి, కాల్షియం తగ్గించే మందులిస్తే రెండు వారాలకు ఆ బాబు కోలుకున్నాడు.

ఆ అమ్మానాన్నలను తప్పుపట్టడం తేలిక. కానీ పిల్లవాడికి ఆటిజం అని తెలిసిన రాత్రి ఏ ఇంట్లోనూ నిద్ర పట్టదు. స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి నెలలు, ఏళ్లు పడుతుంది. సీసా మాత్రం ఈ పూటే మూత తీసి చెంచాడు పోయొచ్చు. ‘ఏదో ఒకటి చేస్తున్నాం’ అన్న ఊరట ఇస్తుంది. మన దగ్గర పిల్లల డాక్టరు గది దాటేముందు గుమ్మంలో నిలబడి అడిగే మాట ఒకటుంది: “బలానికేదైనా రాయండి డాక్టరు గారూ.” ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

ఆకుపచ్చ రంగు

తిండి మార్చి మెదడును కాపాడొచ్చు అన్న ఆశ గాలిలోంచి పుట్టలేదు. దాని వెనక నిజమైన చరిత్ర ఉంది.

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. పిల్లల ఒంటి నుంచి ఏదో వింత వాసన వస్తోందని ఆమె అంతకుముందే ఎందరికో చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. రసాయనశాస్త్రం కూడా చదివిన ఫోలింగ్, పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూశాడు. అది ముదురు ఆకుపచ్చ రంగులోకి మారింది. మామూలు మూత్రంలో అలా జరగదు. ఆ రంగు వెంటపడి వెళ్తే ఫినైల్ కీటోన్యూరియా అనే జబ్బు దొరికింది. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఈ పిల్లల కాలేయం మార్చుకోలేదు. అది రక్తంలో పేరుకుని ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. వైద్యం అందని ఈ పిల్లల్లో ఆటిజం లక్షణాలు కూడా కనిపిస్తాయి.

కారణం తెలిసినా వైద్యానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్ బృందం రెండేళ్లు నిండీ నిండని ఒక పాపకు ఫినైల్ అలనిన్ బాగా తగ్గించిన ఆహారం తయారుచేసి ఇచ్చింది. నిలబడలేని, నడవలేని పాప కొన్ని నెలల్లో పాకడం, లేచి నిలబడటం నేర్చుకుంది. బికెల్ అక్కడితో ఆగి ఉంటే అది ఒక తల్లి సంతోషంగా మిగిలేది. అతను ఇంకో పని చేశాడు. తల్లికి చెప్పకుండా ఆ ఆహారంలో ఫినైల్ అలనిన్ మళ్లీ కలిపాడు. కొద్ది రోజుల్లోనే పాప వెనక్కి పోవడం తల్లి కళ్లారా చూసింది. ఈ రోజుల్లో అలా చెప్పకుండా చేయడాన్ని ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. కానీ పాప కోలుకోవడానికి కారణం తల్లి ఆశా, కాలమా, ఆహారమా అన్న సందేహం దానితో తీరిపోయింది.

ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. బయోటినిడేజ్ లోపం ఉన్న బిడ్డకు రోజూ కొద్ది మిల్లీగ్రాముల బయోటిన్ ఇస్తే మూర్ఛలు, మెదడు దెబ్బతినడం తప్పించవచ్చు. 2012లో ‘సైన్స్’ పత్రికలో మరో అరుదైన జన్యులోపం వివరాలు వచ్చాయి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కొన్ని కుటుంబాల్లో ఆటిజం, మూర్ఛ, బుద్ధిమాంద్యం మూడూ ఉన్న పిల్లలు కనిపించారు. వాళ్ల ఒంట్లో కొన్ని అమైనో ఆమ్లాలు నిలవకుండా ఖర్చయిపోతున్నాయి. అదే లోపమున్న ఎలుకలకు ఆ ఆమ్లాలు ఆహారంలో పెంచితే లక్షణాలు తగ్గాయి. మేనరికాలు ఇంకా జరుగుతున్న తెలుగు ప్రాంతాలకు ఈ మాట అవసరం. తల్లిదండ్రులు రక్తసంబంధీకులై, పిల్లవాడికి మూర్ఛలు ఉన్నా, వచ్చిన మాటలు, నడక పోతున్నా, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అలాంటి జీవక్రియ లోపాలను పట్టే పరీక్షలు ఉన్నాయి.

ఈ గెలుపులన్నిటిలో ఒక పోలిక ఉంది. గండి ఎక్కడ పడిందో ముందు తెలిసింది, మట్టి అక్కడే వేశారు. ఆటిజం అనేది వందలాది జన్యు కారణాలు, ఇంకా ఎన్నో తెలియని కారణాలు కలిసిన ఒక పెద్ద గొడుగు పేరు. ఆ గొడుగు కింద ఉన్న అందరికీ ఒకే గండి లేదు. గండి లేని కట్ట మీద ఎంత మట్టి పోసినా పొలానికి ఒరిగేదేమీ లేదు.

ఒక తండ్రి, ఒక విటమిన్

మందుల దుకాణంలో ఆటిజం పేరు మీద తిరిగే విటమిన్లలో పాతది బి6. దాని కథ బెర్నార్డ్ రిమ్లాండ్ కథ. అమెరికా నౌకాదళంలో మనస్తత్వశాస్త్రవేత్తగా పనిచేసిన ఆయన కొడుక్కి ఆటిజం. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని, వాళ్లు ‘రిఫ్రిజిరేటర్ మదర్స్’ అని పెద్ద పెద్ద నిపుణులే అంటున్న కాలం అది. రిమ్లాండ్ 1964లో ఒక పుస్తకం రాసి, ఇది మెదడుకు సంబంధించినదే తప్ప తల్లి తప్పు కాదని వాదించి గెలిచాడు. అందుకు ప్రపంచంలోని తల్లులందరూ ఆయనకు రుణపడి ఉన్నారు.

ఆయనకు దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు ఉత్తరాలు రాసేవారు. ఏ విటమిన్ ఇస్తే ఏం జరిగిందో ఆ ఉత్తరాల ఆధారంగా లెక్కలు కట్టి, బి6 దగ్గర ఆగాడు. ఊహ బాగానే ఉంది. సెరొటోనిన్, డోపమైన్ లాంటి మెదడు రసాయనాల తయారీకి బి6 కావాలి. 1978లో 16 మంది పిల్లల మీద ఒక చిన్న ప్రయోగం చేసి మేలు కనిపించిందన్నాడు. పెద్ద మోతాదులతో చిరాకు, పక్కలో తడపడం లాంటివి వస్తున్నాయని మెగ్నీషియం జోడించాడు. బి6, మెగ్నీషియం ఈనాటికీ ఒకే సీసాలో కనిపించడం వెనక కథ ఇదే.

2005లో వైద్య ప్రయోగాలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ సమీక్షకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను జల్లెడ పడితే, లెక్కకు నిలిచినవి మూడు. పిల్లలు మొత్తం 33 మంది. ఆ ఆధారంతో దీన్ని వాడమని చెప్పలేమన్నారు. ఈలోగా 1983లో మరో సంగతి తెలిసింది. రోజుకు గ్రాముల కొద్దీ బి6 మింగిన పెద్దవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, నడక తడబడింది. నాడులు దెబ్బతిన్నాయి. నీటిలో కరిగే విటమిన్ ఎక్కువైనా మూత్రంలో పోతుందిలే అన్న నమ్మకం అక్కడ బీటలువారింది. అమెరికాలో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు పెట్టిన రోజువారీ గరిష్ఠ హద్దు 30 మిల్లీగ్రాములు. మాట్లాడటం రాని పిల్లవాడు తనకు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయని ఎలా చెబుతాడు?

ఉప్పునీళ్ల సూది

“మా వాడికి పనిచేసింది, నా కళ్లతో చూశాను” అని ఒక తల్లి అంటే అది అబద్ధం కాదు. ఆమె చూసిన మార్పు నిజమే. అయితే ఆ మార్పు దేనివల్ల వచ్చింది అన్నదే చిక్కు.

1998లో అమెరికాలో సెక్రెటిన్ అనే హార్మోన్ పేరు మారుమోగింది. 1902లో కనిపెట్టిన ఈ పేగు హార్మోన్‌ను జీర్ణకోశ పరీక్షల కోసం వాడేవారు. అలా సూది ఇచ్చిన ముగ్గురు ఆటిజం పిల్లల్లో చూపు కలపడం, మాటలు మెరుగయ్యాయని ఒక వ్యాసం వచ్చింది. టీవీ కార్యక్రమం వచ్చింది. వేల కుటుంబాలు ఆ సూది కోసం ఎగబడ్డాయి. 1999 డిసెంబరులో ఆడ్రియన్ శాండ్లర్ బృందం ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫలితం ప్రకటించింది. 60 మంది పిల్లలను తీసుకుని సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్లు ఎక్కించారు. ఎవరికి ఏది అన్నది తల్లిదండ్రులకూ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు. ఉప్పునీళ్ల గుంపు ఏమీ వెనకబడలేదు. ఫలితం చెప్పాక కూడా నూటికి 69 మంది తల్లిదండ్రులు సెక్రెటిన్ మీద ఆసక్తి ఉందనే చెప్పారు.

ఉప్పునీళ్లతో పిల్లలు ఎందుకు మెరుగవుతారు? మొదటి కారణం, ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఎదుగుతారు. మూడేళ్లకు రాని మాట నాలుగో ఏట రావచ్చు. ఆ మధ్యలో వాడిన సీసాకు పేరు దక్కుతుంది. రెండోది, మనం కొత్త మందు మొదలుపెట్టేది పిల్లవాడు బాగా అల్లరిగా, నిద్ర లేకుండా ఉన్న వారంలో. ఆ వారం తర్వాత వచ్చే వారం ఎలాగూ కొంత నెమ్మదిగానే ఉంటుంది. మూడోది, మందు వేశాక మన చూపు మారుతుంది. నిన్నటిదాకా గమనించని చిన్న నవ్వు ఇవాళ కనిపిస్తుంది. బికెల్ పాప విషయంలో ఆహారం పాస్ అయిన పరీక్షలోనే సెక్రెటిన్ తప్పింది. చేప నూనె, విటమిన్ డి, ప్రోబయోటిక్స్ లాంటివాటి మీద ప్రయోగాలు జరుగుతూనే ఉన్నాయి. ఆటిజం మూల లక్షణాలను మారుస్తుందని గట్టిగా నిలబడిన విటమిన్ గానీ ఖనిజం గానీ ఇంతవరకూ లేదు.

ఫోలినిక్ ఆమ్లం సంగతి వేరుగా చెప్పాలి. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రకటనతో ఇది వార్తల్లోకెక్కింది. మెదడుకు ఫోలేట్ చేరకుండా కొందరు పిల్లల ఒంట్లోని ప్రతిరక్షకాలే అడ్డుపడతాయన్నది దీని వెనకున్న ఊహ. 48 మంది పిల్లలతో జరిగిన ఒక ప్రయోగంలో మాటల్లో మెరుగుదల కనిపించింది. దారి ఆసక్తికరమైనదే, సంఖ్యలు చిన్నవి. ఇది డాక్టరు చీటీ మీద వాడవలసిన మందు. దుకాణంలో దొరికే ఫోలిక్ యాసిడ్ మాత్ర దీనికి బదులు కాదు.

నడవనన్న పిల్లవాడు

ఇంతవరకూ చదివి సీసాలన్నీ పారేయాలనుకుంటే అదీ పొరపాటే. ఆటిజం పిల్లల్లో పోషకాల లోటు నిజంగా ఉంటుంది. అది మెదడులో పుట్టిన వింత లోటు కాదు, కంచంలో కనిపించేదే.

తెల్లగా ఉన్నవే తినే పిల్లలు, కరకరలాడేవే తినే పిల్లలు, ఒకే గిన్నెలో ఒకే రకం పెరుగన్నమే తినే పిల్లలు ప్రతి థెరపీ సెంటర్‌లోనూ ఉంటారు. అది మొండితనం కాదు. టమాటా గింజ నాలుక మీద జారితే మనకు గొంగళిపురుగు పాకినట్టు వాళ్లకు అనిపించవచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు మిగతా పిల్లలకంటే అయిదు రెట్లు ఎక్కువని, వాళ్లకు కాల్షియం, మాంసకృత్తులు తక్కువగా అందుతున్నాయని 2013లో విలియం షార్ప్ బృందం అనేక అధ్యయనాలు కలిపి తేల్చింది.

ఈ లోటు ఎంతదూరం పోతుందో స్కర్వీ చెబుతుంది. నెలల తరబడి సముద్రం మీద ఉన్న ఓడ నావికుల జబ్బుగా మనం పాఠాల్లో చదువుకున్నది. బిస్కెట్లు, చిప్స్ తప్ప మరేదీ ముట్టని ఆటిజం పిల్లల్లో అది ఈనాటికీ కనిపిస్తోందని దేశదేశాల వైద్య పత్రికల్లో వరుసగా నివేదికలు వస్తున్నాయి. పిల్లవాడు కుంటుతాడు, తర్వాత అసలు కాలు కింద పెట్టనంటాడు. చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది. విటమిన్ సి లేక కొలాజెన్ సరిగా తయారవదు, సన్నని రక్తనాళాలు చిట్లి ఎముక పైపొర కింద రక్తం చేరుతుంది. నొప్పి అక్కడ. డాక్టర్లకు ముందు రక్త కేన్సరేమో, ఎముకకు చీము పట్టిందేమో అని అనుమానం. స్కాన్లు, ఎముక మజ్జ పరీక్షలు అన్నీ అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు: “వీడు రోజూ ఏం తింటాడమ్మా?” రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే ఈ జబ్బు రాదు. ఒక జామ ముక్కలో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

మరి అన్నీ కలిసిన మల్టీవిటమిన్ ఒకటి వేసేస్తే సరిపోదా? 2015లో అమెరికాలో ప్యాట్రీషియా స్టువర్ట్ బృందం 2 నుంచి 11 ఏళ్ల ఆటిజం పిల్లలు వందలాది మంది తిన్న మూడు రోజుల తిండి లెక్క తీసింది. సగానికి పైగా ఏదో ఒక సప్లిమెంట్ వాడుతున్నారు. విటమిన్ ఎ, ఫోలిక్ ఆమ్లం, జింక్ చాలామందికి హద్దు దాటాయి. అసలు కావలసిన కాల్షియం, విటమిన్ డి అన్నీ వాడినా చాలామందికి అందలేదు. సీసాలో ఉన్నది ఒకటి, కంచంలో లేనిది ఇంకొకటి. హద్దు దాటితే జింక్ కూడా ఊరుకోదు. పేగుల్లో రాగి అనే ఖనిజాన్ని అడ్డుకుంటుంది, దాని లోటుతో రక్తహీనత వస్తుంది.

పెరుగన్నం మాన్పించే ముందు

గోధుమల్లోని గ్లూటెన్, పాలలోని కేసీన్ ఆపేస్తే ఆటిజం తగ్గుతుందన్న మాట మన వాట్సాప్ గుంపుల్లో బాగా తిరుగుతోంది. అవి అరగక నల్లమందు లాంటి ముక్కలై మెదడుకు చేరతాయన్నది దీని వెనకున్న పాత ఊహ. సుసాన్ హైమన్ బృందం ఇంట్లో ఆ పథ్యం పాటిస్తున్న 14 మంది పిల్లలకు తెలియకుండా గ్లూటెన్, కేసీన్ తినిపించి చూస్తే ప్రవర్తనలో, నిద్రలో, విరేచనాల్లో తేడా రాలేదు. గుంపు చిన్నదే, కానీ పరీక్ష పకడ్బందీగా జరిగింది. మరోపక్క, 2008లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల ఆటిజం మగపిల్లల చేతి ఎముకలను ఎక్స్‌రేలో కొలిచింది. ఎముక మందం తక్కువగా ఉంది. పాలు మానేసిన పిల్లల్లో మరీ తక్కువ.

తెలుగింట్లో గోధుమ మాన్పించడం పెద్ద కష్టం కాదు. అన్నం ఉంది, ఇడ్లీ ఉంది. పాలు, పెరుగు మాన్పించడమే గొప్ప నష్టం. మొత్తం కంచంలో పిల్లవాడు ఇష్టంగా తినేది పెరుగన్నం ఒక్కటే అయినప్పుడు, దాన్ని తీసేస్తే మాంసకృత్తులు, కాల్షియం, బి12 ఒక్కసారే పోతాయి. నిజంగా పాలు పడని బిడ్డయితే డాక్టరు నిర్ధారించాలి, ఆ ఖాళీని రాగి జావతోనో, నువ్వులతోనో, అవసరమైతే కాల్షియం సిరప్‌తోనో పూడ్చాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది అందులో నామమాత్రం.

పాత చీటీల లెక్క

మన పిల్లల విషయంలో మరో చిక్కు ఉంది. ఇక్కడ ప్రభుత్వమే కొన్ని పోషకాలు ఇస్తుంది. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ల లోపు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పోస్తారు. మొదటిది లక్ష యూనిట్లు, తర్వాతవి రెండేసి లక్షలు. అయిదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఇవి అవసరమైనవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గిన పిల్లలకు నిద్ర కలతగా ఉంటుంది, మట్టి, సుద్ద తినాలనిపిస్తుంది. ఆటిజం బిడ్డ రాత్రంతా పొర్లుతుంటే ముందు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించడం మేలు. కానీ ఏఎన్ఎమ్ పోసినదీ, డాక్టరు రాసినదీ, థెరపీ సెంటర్‌లో ఎవరో చెప్పిన కాడ్ లివర్ ఆయిలూ, అమెరికా నుంచి బాబాయి పంపిన గమ్మీలూ ఒకే నోట్లోకి పోతాయి. కూడిక ఎవరు చేయాలి?

విటమిన్ డి సాషేనే చూడండి. దుకాణంలో దొరికేది 60,000 యూనిట్లది. పిల్లలకు రోజుకు కావలసింది 600. అంటే ఒక పొట్లం వంద రోజుల సరుకు. లోటు తేలిన బిడ్డకు డాక్టరు లెక్క చూసి రాస్తే అది వైద్యం. అమ్మమ్మకు వారానికోటి రాసిన పొట్లంలోంచి మనవడికీ ఇస్తే, లండన్ బాబు దారే.

అందుకని ఒక చిన్న పని. మూడు రోజులు పిల్లవాడు తిన్నవీ తాగినవీ ఒక కాగితం మీద రాయండి. చిప్స్ ప్యాకెట్‌తో సహా. రెండో కాగితం మీద ఇంట్లో ఉన్న ప్రతి సీసా, పొట్లం, చుక్కల మందు పేరు, మోతాదు రాయండి. ‘ఇది మందు కాదులే’ అని ఏదీ వదలొద్దు. మన దేశంలో న్యూట్రాస్యూటికల్ లేబుల్ మీద ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని ఉండాలని నిబంధన. ఆ మాట వల్లనే చాలామంది దాన్ని డాక్టరుకు చెప్పాల్సిన జాబితాలోంచి తీసేస్తారు. రెండు కాగితాలూ డాక్టరు ముందు పెట్టి, అవసరమైతే రక్త పరీక్ష చేయించండి. కొత్తది మొదలుపెడితే ఒక్కటే మొదలుపెట్టండి. దేనికోసం, ఎన్నాళ్లు అన్నది ముందే రాసుకోండి. ఐరన్ సీసా అందనంత ఎత్తులో పెట్టండి. పిల్లలు దాన్ని ఒక్కసారిగా తాగేస్తే ప్రాణం పోవచ్చు. ఇంకొకటి: పిల్లవాడు తినే ఒక్క పెరుగన్నంలో సిరప్ దొంగచాటుగా కలపకండి. వాడు కనిపెట్టేస్తాడు. ఆ రోజుతో పెరుగన్నం కూడా పోతుంది.

స్కర్వీతో కాలు కింద పెట్టని పిల్లవాడికి విటమిన్ సి ఇస్తే కొద్ది రోజుల్లోనే చిగుళ్ల రక్తం ఆగుతుంది. వారాల్లో నడుస్తాడు. ఆటిజం అలాగే ఉంటుంది. అదే చిప్స్ ప్యాకెట్ పట్టుకుని, అదే మూలకు పోయి కూర్చుంటాడు. కానీ ఆ మూల దాకా తన కాళ్లతో వెళతాడు. సప్లిమెంట్ చేయగలిగిన పని అంత. ఆ పిల్లవాడికి అది చిన్నదేమీ కాదు. కనుక ఈసారి డాక్టరు గుమ్మంలో నిలబడ్డప్పుడు “బలానికేదైనా రాయండి” అనకుండా, “వీడి కంచంలో దేనికి లోటుందో చూడండి” అని అడిగి, ఆ రెండు కాగితాలూ చేతికివ్వండి.